ఓడ బయల్దేరకముందే తుప్పు గీకిస్తున్నారు, ఇదేం చదువు?

ప్రశ్న: మాది న్యూజెర్సీ. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. తూర్పు తీరంలో ఒక స్టేట్ మారిటైమ్ అకాడమీలో డెక్ లైసెన్స్ కోర్సు మొదటి ఏడాది చదువుతున్నాడు. మేలో శిక్షణ ఓడ సమ్మర్ టర్మ్‌కి బయల్దేరుతుంది. ఇప్పుడు రోజంతా తుప్పు గీకడం, పెట్టెలు మోయడం, సామాన్లు కట్టడమేనట. ఇంత ఫీజు కట్టింది ఇందుకా? దీనివల్ల వాడి కెరీర్‌కి ఏం ఒరుగుతుంది?

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఈ కొద్ది రోజుల పనిని తక్కువగా చూడొద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. రేపు థర్డ్ మేట్ (డెక్ మీద మొదటి మెట్టు ఆఫీసర్) అయ్యాక ఓడలో ప్రాణరక్షణ సామగ్రి, అగ్నిమాపక సామగ్రి చాలా కంపెనీల్లో వాడి చేతికే వస్తాయి. అవి పనిచేస్తాయో లేదో చూసి సంతకం పెట్టాల్సిందీ వాడే. ఆ చూడడం ఎలాగో నేర్చుకునేది ఇప్పుడే, ఓడ రేవులో కదలకుండా ఉన్నప్పుడే.

ముందు ఓడ ఎంతదో ఊహించుకోండి. న్యూయార్క్ మారిటైమ్ కాలేజీకి 2023లో వచ్చిన ఎంపైర్ స్టేట్ 7 పొడవు 525 అడుగులు. 600 మంది కేడెట్లు అందులోనే తిని, పడుకుని, పాఠాలు వింటారు. అంతమందికి వారాల తరబడి సరిపోయే తిండి, నీళ్లు, మందులు, విడిభాగాలు ఎక్కించాలి. ఓడ ఒరిగినా ఏదీ జరక్కుండా కట్టాలి.

తుప్పు సంగతే తీసుకుందాం. చిప్పింగ్ హామర్‌తోనో నీడిల్ గన్‌తోనో వదులైన తుప్పంతా రాల్చాలి. వైర్ బ్రష్‌తో మెరుగు తేవాలి. పాత రంగు అంచులను పలచగా అరగదీయాలి. తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. కుర్రాళ్లు ఎగ్గొట్టేది ఈ కడగడమే. రంగు కింద ఉప్పు మిగిలితే అది తేమను లాక్కుంటుంది, కొన్ని వారాల్లోనే బొబ్బలు లేస్తాయి. పొద్దున్నే మంచు తడి మీద ప్రైమర్ వేసినా అంతే. ఇనుము వేడి మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే వేడి) కన్నా కనీసం 3 సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది రంగు పనిలో నియమం. గ్రీజు ఎక్కించే నిపుల్స్, మర చుట్లు, నంబరు పలకలు, తలుపుల రబ్బరు గాస్కెట్ల మీద మాత్రం రంగు పడకూడదు. రంగు పడిన గాస్కెట్ గట్టిపడి నీటిని ఆపదు.

దాన్ని పరీక్షించే పద్ధతి తేలిక. తలుపు ఆనే ఇనుప అంచుకు సుద్దముక్క రాసి, తలుపు బిగించి, మళ్లీ తెరవాలి. గాస్కెట్ మీద సుద్దగీత ఎక్కడా తెగకుండా పడితే సరే. తెగిందంటే అక్కడ నీళ్లు వస్తాయి. రంగు వేసిన చేతులతోనే ఈ పరీక్ష కూడా చేయనిమ్మని బోసన్‌ని అడగమనండి. మన రేవుల్లో సరంగు అంటామే, దాదాపు ఆయనే. అడిగిన కేడెట్‌కి చెప్పని బోసన్ అరుదు.

సరుకుల పనిలోనూ చదువుంది. అట్టపెట్టెలను ఒడ్డునే విప్పి పారేయడం మంచి అలవాటు, బొద్దింకలు, వాటి గుడ్లు ఓడెక్కేది వాటి మడతల్లోనే. బరువైనవి అడుగున, ముందు వాడాల్సినవి ముందు. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 సెల్సియస్ డిగ్రీల్లో గానీ అంతకన్నా చల్లగా గానీ ఉండాలి కాబట్టి దాన్ని జెట్టీ మీద ఎండలో వదిలి కూరగాయలు మోస్తూ కూర్చోకూడదు.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది లైఫ్‌బోట్ల దగ్గర. బోటు అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉందా, బ్యాటరీ చార్జి అవుతోందా, లైఫ్‌రాఫ్ట్ హైడ్రోస్టాటిక్ రిలీజ్ (ఓడ మునిగితే నీటి ఒత్తిడికి రాఫ్ట్‌ను దానంతటదే విడిపించే పరికరం) మీద గడువు తేదీ ఎంత అన్నవి చూడాలి. వాడిపారేసే రకం రిలీజ్ అయితే రెండేళ్లకు మార్చాలి. ఇమ్మర్షన్ సూట్ (చల్లటి నీళ్లలో ఒంటిని కాపాడే దుస్తు) ఎవరి సాయం లేకుండా 2 నిమిషాల్లో తొడుక్కోగలగాలి. జిప్పుకి మైనం రాయకపోతే అది సగంలో ఇరుక్కుంటుంది. అంతకుముందు నెలలో ఆ ఓడ మీద డ్రిల్ చేయనివాళ్లు సిబ్బందిలో నాలుగో వంతు కన్నా ఎక్కువ ఉంటే, బయల్దేరిన 24 గంటల్లోపు డ్రిల్ జరగాలని సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం) చెబుతుంది. కొత్త కేడెట్లతో నిండిన ఓడకు ఈ నియమం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినగానే కాళ్లు మస్టర్ స్టేషన్ (ప్రమాదంలో అందరూ చేరాల్సిన చోటు) వైపు నడవాలి. క్యాబిన్ నుంచి అక్కడికి రెండు దారులు, దీపాలు లేకపోయినా తెలిసి ఉండాలి.

బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద పెద్ద తరగతి వాళ్లు బయల్దేరే ముందు 12 గంటల్లోపు స్టీరింగ్ గేర్ (చుక్కానిని తిప్పే యంత్రం) పరీక్షిస్తారు. చుక్కానిని ఒక పక్క 35 డిగ్రీల నుంచి రెండో పక్క 30 డిగ్రీలకు తిప్పడానికి 28 సెకన్లు మించకూడదు. మీవాడు చేతిగడియారం పట్టుకుని పక్కన నిలబడినా చాలు, ఆ అంకె ఇక మరిచిపోడు. తాళ్ల దగ్గర ఒక్కటే మాట: బిగిసిన తాడు తెగితే వెనక్కి కొట్టే దారిలో నిలబడకూడదు, తాడు చుట్టలో కాలు పెట్టకూడదు. ఎవరు తొందరపెట్టినా సరే.

చేసిన పనిని ఆ రాత్రే రాసుకోమనండి: ఏ భాగం, ఏం లోపం, ఎందుకు వచ్చింది, ఎలా సరిచేశారు. ట్రైనింగ్ రికార్డు బుక్కులో సంతకాలు కూడా వెంటవెంటనే పెట్టించుకోవాలి. టర్మ్ చివర్లో ఒకేసారి పెట్టించుకుందామనుకున్నవాళ్లకు ఆఫీసర్లు దొరకరు. ఉద్యోగ ఇంటర్వ్యూలో 'ఓడ మీద ఏం చేశావు' అంటే ఆ నోటుబుక్కులోంచే జవాబు వస్తుంది.

ఇంటి నుంచి మీరు చూడాల్సినవి: పాస్‌పోర్టు, ట్విక్ కార్డు (రేవుల్లోకి వెళ్లడానికి గుర్తింపు కార్డు), మర్చంట్ మెరైనర్ క్రెడెన్షియల్ (కోస్ట్ గార్డ్ ఇచ్చే నావికుడి పత్రం), మెడికల్ సర్టిఫికెట్ గడువు తేదీలు. స్టీల్ టో బూట్లు రెండు మూడు వారాల ముందే కొని తొడిగించండి, కొత్త బూట్లతో ఓడెక్కితే మొదటి వారమంతా పుండ్లే. పనిబట్టలు నూలువి కావాలి, సింథటిక్ అయితే మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. మందులు అసలు డబ్బాల్లో, డాక్టరు చీటీతో పంపండి. శాకాహారి అయితే ఇప్పుడే వంటశాలకు తెలియజేయమనండి.

ఇది చదివే వేరే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక: అమెరికా కోస్ట్ గార్డ్ ఆఫీసర్ లైసెన్స్ అమెరికా పౌరులకే ఇస్తారు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు ఫీజు కట్టకముందే ఇది చూసుకోవాలి. వాళ్లకు భారత్‌లో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్ దారి ఉంది, ఆ విశ్వవిద్యాలయానికి విశాఖలోనూ క్యాంపస్ ఉంది.

మే నెల కదా, ఆవకాయ పంపాలనిపిస్తుంది. క్యాబిన్‌లో తిండి ఉంచుకోనిస్తారో లేదో ముందు అడిగించండి. ఉంచుకోనిచ్చినా గాజు సీసా వద్దమ్మా, ఓడ ఊగితే పగిలి నూనె క్యాబిన్ అంతా పారుతుంది. బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలో కందిపొడి పంపండి.