చెన్నైలో 'ఇండియన్ సాల్మన్' కొంటే లోపల తెల్లగా ఉంది, మోసపోయినట్టేనా?

యాప్‌లో ఇండియన్ సాల్మన్ తెప్పిస్తే ముక్కలు తెల్లగా వచ్చాయి, ఫొటోల్లో కనిపించే నారింజ గులాబీ రంగు లేదు, నాసిరకం అంటగట్టారా, దీన్ని సుషీలా పచ్చిగా తినొచ్చా అని అడిగారు. మీకు వచ్చింది మంచి చేపేనండీ. కాకపోతే సాల్మన్ కాదు.

మాది నెల్లూరు వైపు. చెన్నై వచ్చాక ఆదివారం పొద్దున్నే కాశిమేడు వెళ్లి చేపలు తెచ్చుకోవడం అలవాటైంది. మీరు కొన్నదాన్ని అక్కడ కాలా అంటారు. మన కోస్తాలో మాగ, ముంబైలో రావస్. సాల్మన్‌కీ దీనికీ చుట్టరికమే లేదు. కోసిన ముక్కల్ని చూసి పోల్చుకోవడం కష్టం గానీ, కోయని చేపనైతే ఇట్టే పట్టేయొచ్చు. మొప్పల వెనక, కింది భాగంలో రెండు వైపులా నాలుగేసి దారప్పోగులు వేలాడుతుంటాయి. బురద నీళ్లలో వాటితోనే తిండి తడుముకుంటుంది. మూతి నోటిని దాటి ముందుకి పొడుచుకొచ్చి, కళ్ల మీద జిడ్డుగా పల్చటి పొర ఉంటుంది. ఈ చేప మొదట మగదిగా ఎదిగి, పెద్దయ్యాక ఆడదవుతుంది. అందుకే మరీ చిన్న కాలా కొనకండని అందరికీ చెబుతుంటాను. వాటిని అప్పుడే పట్టేస్తే గుడ్లు పెట్టే వయసుకి చేరేవి ఎక్కడ మిగులుతాయి?

అసలు సాల్మన్ చలి దేశాలది. ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టే వేళకి వాసన పట్టుకుని పుట్టిన ఏటికే ఎదురీదుతుంది. పసిఫిక్ జాతులు చాలావరకు ఆ పని అయ్యాక చనిపోతాయి. మన దగ్గర దానికి దగ్గరి బంధువు కావాలంటే ఊటీ దాటి అవలాంచి వెళ్లాలి. అక్కడ 1907లో పెట్టిన హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించే కేంద్రంలో ఉండే రెయిన్‌బో ట్రౌట్ అనే చేపది పసిఫిక్ సాల్మన్ ప్రజాతే (దగ్గరి జాతుల గుంపు).

ఇక రంగు. వేయించేటప్పుడు రొయ్యలు ఎర్రబడతాయి చూశారా, దానికి కారణం ఆస్టాజాంతిన్ అనే రంగు పదార్థం. పచ్చి రొయ్యలో అది ప్రొటీన్‌కి అతుక్కుని ఉంటుంది, వేడికి విడిపోయి బయటపడుతుంది. సముద్రంలో రొయ్యల్నీ, క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవుల్నీ తిన్న సాల్మన్ కండకి పట్టేది కూడా అదే. నార్వే లాంటి చోట్ల పెంచే సాల్మన్‌కి దాన్ని దాణాలో కలిపి పెడతారు. కలపకపోతే కండ పాలిపోయి ఉంటుంది. ఎంత రంగు వచ్చిందో చూడ్డానికి టీ నగర్ మ్యాచింగ్ సెంటర్లో జాకెట్ ముక్కకి షేడ్ చూసినట్టు, 20 నుంచి 34 దాకా అంకెలున్న సాల్మోఫ్యాన్ అనే కార్డు పక్కన పెట్టి పోలుస్తారు. కాబట్టి రంగుని బట్టి చేప నాణ్యత తేల్చకండి. తాజా కాలా వేలితో నొక్కితే గట్టిగా ఉంటుంది, నీచు కంపు కొట్టదు. చూడాల్సింది అది.

వంటకి నా ఓటు కాలాకే. ముళ్లు తక్కువ, పులుసులో ముక్క చెదరదు, మామిడికాయ వేస్తే ఇంకా బాగుంటుంది. దిగుమతి సాల్మన్‌తో పులుసు పెట్టకండి. దాని కొవ్వంతా నారింజ నూనెలా పైకి తేలి చింతపండు రుచిని మింగేస్తుంది. ఉప్పు, మిరియాలు రాసి, తోలు కిందికి ఉండేలా పెనం మీద సన్నటి సెగన కాల్చుకోండి. మంట ఎక్కువైతే పైన తెల్లగా విరిగిన పాలలాంటిది కక్కుతుంది. అది ప్రొటీనే, చేప పాడైందని పారేయకండి. ఒమేగా 3 కోసమే కొంటున్నారా? అయితే అంత ఖర్చక్కర్లేదు, ఇక్కడ మత్తి అని అమ్మే సార్డైన్‌లో బోలెడంత ఉంటుంది.

పచ్చిగా మాత్రం వద్దు. సుషీకి వాడే చేపని సాధారణంగా పరాన్నజీవులు చచ్చేలా మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులో, ఇంకా చల్లగా తక్కువ సమయమో గడ్డ కట్టించి ఉంచుతారు. ఇంటి ఫ్రీజర్ తరచూ తెరుస్తాం, ఆ చల్లదనం నిలకడగా ఉంటుందన్న నమ్మకం లేదు. మీరు తెప్పించుకున్న కాలా ముక్కల్ని పూర్తిగా ఉడికించే తినండి.