ఈ వయసులో మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: రిటైరైన లెక్కల మాస్టారిని. 66 ఏళ్లు. ఊళ్లో పిల్లలకు గీత చెప్పాలని ఉంది. "ఈ వయసులో ఈ టెన్షన్ ఎందుకు నాన్నా" అంటున్నాడు మా అబ్బాయి. ఇంత ఆలస్యంగా మొదలుపెట్టి నిలదొక్కుకున్నవాళ్లు ఉన్నారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఉన్నారు మాస్టారూ. ఇస్కాన్ పెట్టిన భక్తివేదాంత స్వామినే చూడండి. మందుల వ్యాపారం చేసుకుంటూ సంసారం ఈదినాయన. ఇంగ్లీషులో ప్రచారం చేయమని గురువు చెప్పింది 1922లో, ఆయన సన్యాసం పుచ్చుకున్నది 1959లో! 1965 ఆగస్టులో అమెరికా వెళ్లడానికి కలకత్తాలో 'జలదూత' అనే సరుకు ఓడ ఎక్కారు. ప్రయాణం ఉచితంగా ఏర్పాటు చేసిన ఓడల కంపెనీ అధినేత్రి సుమతీ మొరార్జీ కూడా ముందు వద్దనే అన్నారు. (మీవాడొక్కడే కాదన్నమాట.) చేతిలో 40 రూపాయలు, వెంట తాను అనువదించిన భాగవతం ప్రతులు. దారిలో గుండెపోటు వచ్చింది. 69 నిండింది ఓడలోనే.

న్యూయార్క్‌లో టైప్‌రైటర్‌ను దొంగలెత్తుకుపోయారు. అయినా 1966లో సెకండ్ అవెన్యూలో ఒక చిన్న కొట్టు అద్దెకు తీసుకున్నారు. పాత వ్యాపారి వదిలేసిన 'మ్యాచ్‌లెస్ గిఫ్ట్స్' బోర్డు గుమ్మం మీద అలాగే ఉండిపోయింది. 1977లో కన్నుమూసేనాటికి వందకు పైగా కేంద్రాలు.

అయితే ఆయన సున్నా నుంచి మొదలుపెట్టలేదు. 1944 నుంచే సొంతంగా పత్రిక నడిపారు. మీకు పాఠం చెప్పే అలవాటు ఉంది, అది చిన్న పెట్టుబడి కాదు. ఆదివారం పొద్దున గుడి మండపంలో ఓ గంట చాలు. అర్జున విషాదంతో కాకుండా పన్నెండో అధ్యాయంతో మొదలెట్టండి. ఇరవై శ్లోకాలే, పిల్లలకు నోరు తిరుగుతుంది. బీపీ మాత్ర మాత్రం వేసుకునే వెళ్లండి.