బాల్కనీలో బొగ్గుల గ్రిల్ పెట్టొచ్చా అన్నా?

మొన్న రాత్రి విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద వంజరం ముక్కలు కాల్చుకున్నాం. నాలుగు ఇటుకలు, మధ్యలో బొగ్గులు, పైన ఇనప ఊచలు, అంతే. వచ్చే నెల అమెరికా చదువుకి వెళ్తున్న పక్కింటి కుర్రాడు తింటూ తింటూ అడిగాడు: "అన్నా, అక్కడ నలుగురం కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటున్నాం. బాల్కనీ ఉంది. ఇలాగే కాల్చుకోవచ్చా?"

వద్దు బాబూ. మన మేడ సిమెంటు శ్లాబు. నిప్పురవ్వ పడితే మచ్చ పడుతుంది, అంతకన్నా ఏం కాదు. అక్కడ మీరు దిగబోయే రెండు మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలావరకు కర్ర ఫ్రేముతో కట్టినవే. నేల కర్ర, రెయిలింగ్ కర్ర, మీ నెత్తి మీద పైవాళ్ళ బాల్కనీ కూడా కర్రే.

అందుకే చాలా రాష్ట్రాలూ ఊళ్ళూ పాటించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌లో ఒక లెక్క ఉంది. అంటుకునే రకం బాల్కనీ మీద గానీ, అలాంటి కట్టడానికి 10 అడుగుల లోపు గానీ బొగ్గుల గ్రిల్, మంట వచ్చే గ్రిల్ వెలిగించకూడదు. బాల్కనీయే ఆరేడు అడుగులుంటే పది అడుగుల దూరం ఎక్కణ్ణుంచి తెస్తారు? ఒకటి రెండు కుటుంబాలుండే విడి ఇళ్ళకి మినహాయింపుంది. బాల్కనీకి కూడా స్ప్రింక్లర్లు (మంట లేస్తే వాటంతటవే నీళ్ళు చిమ్మేవి) ఉన్న బిల్డింగులకీ, 1 పౌండు సిలిండర్‌తో నడిచే బుల్లి గ్యాస్ గ్రిల్‌కీ ఉంది. కానీ లీజులో వద్దని రాసుంటే ఇవేవీ అక్కరకు రావు. కొన్ని ఊళ్ళలో వెలిగించకపోయినా సరే, బాల్కనీలో గ్రిల్ ఉంచడమే తప్పు. సంతకం పెట్టేముందే లీజు చదవండి, ఆ ఊళ్ళో అగ్నిప్రమాదాల రూల్సు చూసే ఫైర్ మార్షల్ ఆఫీసుకి ఒక ఫోన్ కొట్టండి.

నేను వెళ్ళిన మొదటి వేసవిలో ఇవేమీ అడగలేదు. బాల్కనీలో గ్రిల్ వెలిగించిన మర్నాడే తలుపు కింద నోటీసు. అంతకన్నా సిగ్గుపడాల్సింది బూడిద సంగతి. చల్లారిందనుకుని కాగితం సంచిలో పోసి చెత్తబుట్టలో పడేశాను. గంటలో బుట్టలోంచి పొగ! మా మామ్మ కుంపటి పక్కన పెరిగినవాణ్ణి, నివురుగప్పిన నిప్పంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? బూడిదని మూతున్న రేకు డబ్బాలో వేసి, రెండు రోజులు ఇంటికి దూరంగా వదిలేయండి.

వానొచ్చిందని గ్రిల్‌ని హాల్లోకి లాగేవాళ్ళూ ఉంటారు. బొగ్గుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనుషులు నిద్రలోనే పోతారు.

తర్వాతెప్పుడో సొంతిల్లు కొని గ్యాస్ గ్రిల్ పెట్టుకుంటే, దాని సిలిండర్ మామూలుగా 20 పౌండ్లు, అంటే 9 కిలోలు, మన 14.2 కిలోల బండకన్నా చిన్నది. దాన్ని ఇంట్లోగానీ గరాజ్‌లోగానీ పెట్టకండి. ట్యూబుకి సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. మూత తెరిచే వెలిగించండి, లేకపోతే లోపల పేరుకున్న గ్యాస్ భగ్గుమని మొహం మీదికొస్తుంది. మంట ఆరిపోతే కట్టేసి కనీసం 5 నిమిషాలు ఆగి, అప్పుడు మళ్ళీ వెలిగించండి. కారిన కొవ్వు అంటుకుంటే నీళ్ళు పోయొద్దు. మూత వేసి, చెయ్యి అందితే గ్యాస్ కట్టేయండి.

మరి అంతవరకూ వంజరం ఎలా అంటారా? చాలా కాంప్లెక్సుల్లో స్విమ్మింగ్‌పూల్ పక్కన అందరికీ కలిపి గ్రిల్ ఉంటుంది. పార్కుల్లో ఇనప స్తంభానికి బిగించిన బొగ్గుల గ్రిల్స్ ఉంటాయి, శనివారం పెందలాడే వెళ్తే ఖాళీగా దొరుకుతాయి. ఊచలు తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి అల్యూమినియం ఫాయిల్ పట్టుకెళ్ళండి. చేప ఇండియన్ షాపులో కింగ్‌ఫిష్ పేరుతో గడ్డకట్టి దొరుకుతుంది. మన హార్బర్ చేప రుచి మాత్రం అడక్కండి.