పరమాణువుకి అంచే లేనప్పుడు వ్యాసార్ధం ఎలా కొలుస్తారు?

అంచు లేని మాట నిజమే, ఎలక్ట్రాన్ మేఘం బయటికి పోయేకొద్దీ పలచబడుతుందే తప్ప ఫలానా చోట ఆగిపోదు. అందుకే పక్కపక్కన ఉన్న రెండు కేంద్రకాల మధ్య దూరం కొలిచి సగం చేస్తారు. క్లోరిన్ అణువులో అది దాదాపు 198 పికోమీటర్లు (పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్లవ వంతు), కాబట్టి సమయోజనీయ వ్యాసార్ధం, అంటే ఎలక్ట్రాన్లు పంచుకుని బంధం కట్టిన పరమాణువు వ్యాసార్ధం, 99. సోడియం లాంటి లోహమైతే స్ఫటికంలోకి ఎక్స్-కిరణాలు పంపి, అవి వివర్తనం చెందిన (వంగి చెదిరిన) తీరునుంచి లెక్కగడతారు: కేంద్రకాల మధ్య దూరం 372, సగం 186.

చాలామంది తికమకపడేది ఆర్గాన్ దగ్గర. పీరియడ్‌లో, అంటే ఆవర్తన పట్టిక అడ్డువరుసలో, ఎడమనుంచి కుడికి సైజు తగ్గాలి కదా, మరి 99 ఉన్న క్లోరిన్ పక్కన ఆర్గాన్‌కి 188 ఏమిటి అని. ఆర్గాన్ పరమాణువులు బంధం కట్టవు, ఊరికే ఆనుకుని ఉంటాయి, అందుకని దానికి ఇచ్చేది వాండర్‌వాల్స్ వ్యాసార్ధం, అంటే బంధం లేకుండా ఆనుకున్న రెండు పరమాణువుల కేంద్రకాల మధ్య దూరంలో సగం. క్లోరిన్‌కీ అదే రకం తీసుకుంటే 175 దాకా వస్తుంది, కాబట్టి ఏ రకం వ్యాసార్ధమో చూడకుండా అంకెలు పోల్చకండి.