పాలు ఇస్తూ తెల్లవార్లూ టీవీ చూస్తున్నా.. పాపకు ఇబ్బందా?

ప్రశ్న: నా వయసు 28. పాప పుట్టి ఐదు వారాలైంది. రాత్రిళ్లు పాలిచ్చేటప్పుడు నిద్ర ఆపుకోవడానికి హాల్లో సోఫాలో కూర్చుని వెబ్ సిరీస్ పెట్టుకుంటున్నాను. ఒక్క ఎపిసోడ్ అనుకుంటే నాలుగవుతున్నాయి. పాప కళ్లు పాడవుతాయని ఇంట్లో తిడుతున్నారు. నిజమేనా?
- ఓ పాఠకురాలు

జవాబు: టీవీ వెలుతురుకు పాప కళ్లు పాడవవు. ఈ వయసులో పిల్లలకు 20-30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. అంటే పాలు తాగుతూ తలెత్తి చూస్తే మీ ముఖం, అంతే. కాకపోతే మూడు నాలుగు నెలలు వచ్చాక తెర వైపు తల తిప్పడం మొదలవుతుంది. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అప్పటికల్లా ఈ అలవాటు మార్చుకోండి.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది టీవీ కాదు, సోఫా. పాపను ఒళ్లో పెట్టుకుని అక్కడే కునుకు తీస్తే బిడ్డ జారి మెత్తకీ సోఫా చేతికీ మధ్య ఇరుక్కోవచ్చు. ముఖం మీ ఒంటికి అదిమిపట్టినట్టయి ఊపిరాడకపోవచ్చు. ఏడుపు కూడా వినపడదు. కళ్లు మూతలు పడుతున్నాయనిపిస్తే సోఫాలో కూర్చోనే వద్దు. దిండ్లు, దుప్పట్లు పక్కకు తీసేసి మంచం మీద పాలివ్వండి. తాగాక పాపను తన ఉయ్యాలలోనో తొట్టిలోనో వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకవేళ మంచం మీద మీరే నిద్రపోతే, మెలకువ రాగానే పాపను అందులోకి మార్చండి.

రెండోది మీ నిద్ర. ఈ వయసు పిల్లలు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు. పాప తాగి పడుకున్నాక కూడా మీరు కథ ఏమవుతుందోనని కూర్చుంటే, ఆ రెండు గంటల నిద్ర మళ్లీ దొరకదు. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ ఆపేయండి. సౌండ్ తగ్గించండి. పాప పిడికిలి నోట్లో పెట్టుకోవడం, నోరు తెరిచి పక్కకు వెతుక్కోవడం ఆకలికి మొదటి గుర్తులు. ఏడుపు ఆఖరిది. కళ్లు తెరకు అతుక్కుపోతే మొదటివి కనపడవు.

కాన్పయ్యాక ఆరు వారాల దాకా కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. గంటల తరబడి కదలకుండా కూర్చోకండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే అసలు ఆలస్యం చేయొద్దు.

సిరీస్ చూస్తున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. రాత్రి మూడింటికి ఒంటరిగా మేల్కొని ఉండేవాళ్లకు అదో తోడు. నేను అడగాలనుకున్నది ఇంకొకటి. పాప పడుకున్నా, టీవీ ఆపినా మీకు నిద్ర పట్టడం లేదా? ఊరికే ఏడుపొస్తోందా? పాపను ఎత్తుకోవాలనిపించడం లేదా? కాన్పయ్యాక దిగులు సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. మీకు ఐదు వారాలైంది కాబట్టి ఇవి ఉంటే ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది. మీ గైనకాలజిస్టుకు ఈ వారమే చెప్పండి. పాపకో మీకో హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. తిడుతున్న ఇంట్లోవాళ్లకు నా మాటగా ఇంకొకటి చెప్పండి: రాత్రి పాలు తాగాక పాపను భుజాన వేసుకుని పడుకోబెట్టే పని వాళ్లది.