బుజ్జిగాడికి మత్తు సిరప్ పట్టే ముందు

చి.సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి రాజమండ్రిలో వాడి పళ్ళపని అన్నావు కదా. మిడజోలం సిరప్ పట్టిన అరగంటలోపే మగత కమ్ముతుంది. ఒళ్ళు తెలియని నిద్ర కాదమ్మా, పిలిస్తే పలుకుతాడు.

అన్నిటికంటే ముఖ్యం పొట్ట ఖాళీగా ఉండటం. మగతలో దగ్గూ మింగడమూ మందగిస్తాయి. కడుపులోది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే నెయ్యీ నూనే తగిలిన తిండి 8 గంటల ముందు, ఇడ్లీలాంటి తేలిక తిండి, గేదెపాలు 6 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపేయాలి. మజ్జిగా, టీ కూడా పాలకిందే లెక్క. డాక్టరుగారు ఇంకా ముందే ఆపమంటే ఆయన మాటే వినండి. బుధవారం రాత్రి ఎనిమిదింటికల్లా అన్నం పెట్టేసెయ్. "పసివాడు నీరసపడతాడు" అని నాయనమ్మ చాటుగా బిస్కట్టు చేతిలో పెడుతుంది, ఆవిడకి ముందురోజే నచ్చజెప్పు. దారిలో అంబాజీపేటలో పొట్టిక్కల (పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీల) కోసం బండి ఆపకండి. ఒకవేళ ఏదైనా తినేస్తే దాచొద్దు. ఇంకో రోజుకి మార్చుకోవచ్చు.

నాలుగు రోజుల ముందునుంచీ పంపరపనస పెట్టకు. దాని సంకరమైన గ్రేప్‌ఫ్రూట్ ఈ మందు బలాన్ని పెంచేస్తుంది, దీనికీ ఆ గుణం ఉండొచ్చు. ఎరిత్రోమైసిన్‌లాంటి యాంటీబయాటిక్ మందులు వాడుతుంటే డాక్టరుగారికి తప్పకుండా చెప్పు. రాత్రిళ్ళు గురక పెట్టినా, జలుబూ దగ్గూ జ్వరం ఉన్నా ముందే ఆయనకి ఫోన్ చెయ్యి.

మోతాదు బరువునిబట్టే కాబట్టి అక్కడే తూయించు. మందు ఆస్పత్రివాళ్ళ కళ్ళముందే పట్టాలి, ఇంటిదగ్గర కాదు. చేదుగా ఉంటుంది, కొంత ఉమ్మేస్తాడు. ఎంత లోపలికి పోయిందో తెలీదు గనక మళ్ళీ పట్టమని నువ్వు అడక్కు. కొందరు పిల్లలు మగత బదులు ఏడ్చి పెనుగులాడతారు. కంగారుపడకు, గట్టిగా ఒళ్ళో పెట్టుకో. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెడతారు, గోళ్ళరంగు ఉంటే తీసెయ్.

తిరుగు ప్రయాణం బైకు మీద వద్దే వద్దు. కారులో, తోలేవాళ్ళు కాక ఇంకొకరు వాడి పక్కనే కూర్చోవాలి. తల ముందుకి వాలి గడ్డం గుండెలకి ఆనితే గాలి ఆడదు. రావులపాలెం దాటి వచ్చేదాకా ఆ గడ్డం మీదే కళ్ళుండాలి. ఎంత పిలిచినా లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి చెయ్యండి.

ఇంటికొచ్చాక ముందు నీళ్ళు, తర్వాత జావ. చిగురుకి తిమ్మిరి సూది వేసుంటే అది దిగేదాకా రెండు మూడు గంటలు పెదవి కొరుక్కోకుండా చూడు. సాయంత్రం మేడమెట్లు ఎక్కనివ్వకు, కాలవగట్టుకి పంపకు.

మీ పెద్దమ్మ