పిట్ట పేరు చివర్న, ముందు దాని కాళ్లు చూడు

అమ్మలూ,

బోట్‌క్లబ్ చెరువు దగ్గర తీసిన 14 ఫొటోలూ నిన్న రాత్రి ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని చూశాను. ఒకటి రెండు తప్ప అన్నిటి కిందా ఒకటే మాట, "మావయ్యా, ఇదేం పిట్ట?" అని. పేర్లు చెప్పేయడం ఎంతసేపు, కానీ అలా చెప్పేస్తే వచ్చే వారం ఇంకో 14 వస్తాయి తప్ప నీకు చూపు రాదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు తెల్లకొంగల సంగతి. నువ్వు పంపిన వాటిలో అయిదు అవే, అయిదింట్లోనూ కాళ్లు కోసేశావు, అసలు గుర్తు ఉండేదే అక్కడ! మన వైపు తెల్లకొంగ అని ఒక్క మాటతో పిలిచేస్తాం గానీ వాటిలో నాలుగు రకాలు బాగా కనిపిస్తాయి. చిన్న తెల్లకొంగకి ముక్కు నలుపు, కాళ్లు నలుపు, వేళ్లు మాత్రం పేరంటానికి పసుపు రాసుకున్నట్టు పచ్చగా ఉంటాయి. నీళ్లలో నిలబడితే ఆ వేళ్లు కనపడవు, అది అడుగు తీసేదాకా కదలకుండా ఆగాలి. పొట్టి మెడ, పొట్టి పసుపు ముక్కు, గడ్డం కింద కాస్త ఉబ్బు ఉంటే అది గొడ్ల వెంట తిరిగే కొంగ, మన చేలో దమ్ము చేస్తుంటే ట్రాక్టరు వెనకాల గుంపుగా నడుస్తాయే, అవే. గూళ్లు కట్టే రోజుల్లో దాని తలా మెడా నారింజ రంగుకి తిరుగుతాయి, ఇంకో పిట్ట అనుకోకు. మిగిలినవి పెద్దదీ, మధ్యరకందీ. వీటిని విడదీయాలంటే నోటి గీత, అంటే ముక్కు మూల నుంచి కంటి వైపు సాగే గీత, చూడాలి: కంటిని దాటి వెనక్కి పోతే పెద్దది, కంటి కిందే ఆగిపోతే మధ్యరకం. నీ మూడో ఫొటోలో ఆ గీత చక్కగా పడింది, అదేదో నువ్వే తేల్చు.

రంగుని మాత్రం చివర్న నమ్ము. నువ్వు రెండు పిట్టలనుకున్న ఆరో ఫొటో, ఏడో ఫొటో ఒకే గుడ్డికొంగవి. గట్టున కూర్చుంటే బురదలో కలిసిపోతుంది, లేచి ఎగిరిందా, రెక్కలు తెల్లగా మెరుస్తాయి. సూర్యుడికి ఎదురుగా తీస్తే ఏ పిట్టయినా కాకిలాగే పడుతుంది, వెలుగు నీ వీపు మీద పడేలా నిలబడు. తెల్లపిట్టని తీసేటప్పుడు తెర మీద దాన్ని తాకి వెలుతురు కొంచెం తగ్గించు, లేకపోతే ఈకలన్నీ సున్నం పూసినట్టు కలిసిపోతాయి.

నువ్వు డేగ అన్నది ఆడకోయిల. మగది నల్లగా ఉంటుంది, కూసేదీ అదే, ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్లచుక్కలు. ఎర్రకన్ను చూసి డేగ అనుకున్నావు, ముక్కు చూడలేదు. డేగకి ముక్కు కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది, మాంసం చీల్చుకోవాలి కదా. రావిపళ్లు తినే కోయిలకి ఆ అవసరం ఏముంది?

నేనూ ఇలాంటి పొరపాటే చాలా ఏళ్లు చేశాను. చేపల రేవు మీద తిరిగే గోధుమరంగు వాటినన్నిటినీ నా నోట్‌బుక్కులో నల్లగద్దలని రాసుకున్నాను. నల్లగద్ద తోక చేపతోకలా చీలి ఉంటుంది, గరుడపక్షి తోక గుండ్రంగా ఉంటుంది. తెల్లతల ఇంకా రాని గరుడ పిల్లలు కూడా గోధుమరంగులోనే ఉంటాయని తెలిశాక ఆ పాత పేజీలన్నీ కొట్టేయాల్సి వచ్చింది, ఇప్పటికీ బాధే. అందుకే చెబుతున్నా, తెలియకపోతే "తెలియదు" అని రాసుకో, పేరు వెతికి అతికించకు.

పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ లాంటి యాప్ వాడతావా, వాడు, తప్పేం లేదు. కానీ అది చెప్పిన పిట్ట ఈ నెలలో కాకినాడలో కనిపించేదేనా అని కూడా చూసుకో. ఫొటోని కత్తిరించి పంపకు, పక్కన ఆకో, రాయో ఉంటేనే సైజు అందుతుంది. అక్కడికక్కడే రెండు ముక్కలు రాసుకో: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? ఏం చేస్తోంది, తోక ఆడిస్తోందా, మునుగుతోందా? ఇంటికొచ్చాక ఇవి గుర్తుండవు.

గూడు కనిపిస్తే మాత్రం దగ్గరికి వెళ్లొద్దు తల్లీ, ఎంత మంచి ఫొటో అయినా సరే. నువ్వు అక్కడ నిలబడినంతసేపూ తల్లిపిట్ట దూరంగా ఉండిపోతుంది, ఈలోపు కాకులు వస్తాయి.

ఆదివారం పొద్దున్నే, ఆరింటికల్లా చెరువు దగ్గర ఉండు. కొంగ కాలు ఎత్తిన ఫొటో ఒక్కటి పంపితే చాలు, పేరు మాత్రం ఈసారి నువ్వే రాసి పంపు.

మీ మావయ్య